ఏందిరా, మళ్ళ ఎలక్షన్లా?

పోయిన నెల కల్వకుర్తికి వెళ్ళినప్పుడు నాయన ట్రంకుపెట్టె తెరిచాను. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదనుకున్నాను. పైన పెన్షన్ కాగితాలు, వాటి కింద జనాభా లెక్కలప్పుడు ఇచ్చిన గుడ్డ సంచి, ఒక తెల్ల దారపు ఉండ, అడుగున పాత చేతిరుమాల్లో చుట్టిన ఎర్ర లక్క ముక్క. బొటనవేలంత ఉంటుంది. ఒక కొస మసిబారి ఉంది.

అగ్గిపుల్ల గీసి ఆ కొసకు పెట్టాను. ఎందుకు పెట్టావంటే చెప్పలేను. లక్క కాసేపు మొరాయించి, బుగబుగమని కరిగి, ఒక చుక్క గచ్చు మీద రాలింది. అంతే, ఇల్లంతా ఆ వాసన.

వంటింట్లోంచి అమ్మ ఇటు తిరిగి కూడా చూడలేదు.

"ఏందిరా, మళ్ళ ఎలక్షన్లా?" అంది.

మా ఇంట్లో ఎన్నికలంటే ఈ వాసనే. వేరేవాళ్ళకు జీపుల దుమ్ము, మైకుల మోత, గోడల మీద సున్నం వాసన గుర్తుంటాయేమో. అవి నాకూ గుర్తున్నాయి. కానీ నాయన డ్యూటీ నుంచి రెండో రోజు తెల్లవారుజామున ఇంటికొచ్చి చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలిస్తే, ఆ చొక్కాలోంచి వచ్చే లక్క, మైనం, కిరసనాయిలు, చెమట కలిసిన వాసన ఉండేది చూడండీ, అది మాత్రం ఎలక్షన్లప్పుడే వచ్చేది.

* * *

నాయన సర్కారు బడి టీచరు. పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఏ ఎన్నిక వచ్చినా ఆయన పేరుమీద డ్యూటీ ఆర్డరు వచ్చేది. డ్యూటీ తప్పించుకోవడానికి కొందరు డాక్టరు సర్టిఫికెట్లు తెచ్చుకునేవారు. నాయన ఆ పని చేయలేదు. పైగా ప్రిసైడింగ్ ఆఫీసరుగా, అంటే బూతుకు పెద్దగా, వేస్తే ఆయన నడకే మారిపోయేది. వారం ముందునుంచే చేతి పుస్తకం ముందేసుకుని పరీక్షకు చదివినట్టు పైకి చదివేవాడు. ఛాలెంజ్ ఓటు అంటే ఏమిటి, టెండర్ ఓటు అంటే ఏమిటి అని నన్ను కూర్చోబెట్టి అప్పజెప్పించుకునేవాడు. మూడో ఎక్కం సరిగ్గా రాని వయసులో నాకు టెండర్ ఓటు తెలుసు. మన పేరుమీద ఎవడో ముందే ఓటేసి పోతే, మనం వచ్చి నేనే అసలు మనిషినని రుజువు చేసుకుంటే, విడిగా ఒక ఓటు కాగితం ఇస్తారు. అది పెట్టెలో పడదు, వేరే కవరులోకి పోతుంది. "మరి దాన్ని లెక్కపెడ్తరా?" అని అడిగితే, "పెట్టరు. గని ఆ మనిషి వచ్చిండని కాయిదం మీద ఉంటది గద" అనేవాడు.

బయల్దేరే రోజు అమ్మ నాలుగింటికే లేచి జొన్నరొట్టెలు చేసేది. రెండు రోజులకు సరిపడా రొట్టెలు, పల్లీల కారం, ఒక ఉల్లిగడ్డ. వాటితో పాటు గొంగడి, టార్చిలైటు. సామాను పంచేచోట జాతర లాగా ఉండేదట. ఇనుప బ్యాలెట్ పెట్టెలు, ఓటు కాగితాల కట్టలు, ఓటర్ల జాబితా, బాణాల గుర్తున్న రబ్బరు ముద్రలు, సిరా సీసా, దారం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, లక్క, ఇక కవర్లయితే లెక్కలేనన్ని. ఒక్కొక్కటి చెక్‌లిస్టుతో సరిచూసుకుని సంతకం పెట్టాలి. తిరిగొచ్చాక ఒక్క కవరు తక్కువైనా తెల్లవార్లూ అక్కడే.

అంత లెక్కగా ఉండే మనిషి పెట్టెలో సర్కారు లక్క ముక్క ఎట్లా మిగిలిందని అమ్మనడిగాను. "ఏ ఎలక్షన్లదో మరి. మీ నాయన సర్కారు సొమ్ము తిన్నదంటే గదొక్కటే" అంది.

* * *

1989 సంగతి చెప్పాలి. అప్పుడు నాకు పదేళ్ళు.

ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు హిందూపురంతో పాటు మా కల్వకుర్తిలో కూడా నిలబడుతున్నాడన్న వార్త వచ్చినప్పుడు, ఊళ్ళో చాలామంది ముందు నమ్మలేదు. కరువు నేల మాది. అప్పట్లో మా మహబూబ్‌నగర్ జిల్లా పేరు బయట వినబడిందంటే పాలమూరు లేబర్ (వలసకూలీలు) అనే మాటలోనే. అట్లాంటి చోటికి ఆయన రావడమా! మా క్లాసులో అయితే ఒకటే వాదన. ఆయన గెలిస్తే మన ఊరికి రైలొస్తుందని ఒక జట్టు, రాదని ఇంకో జట్టు. (రైలు ఇంకా రాలేదు.)

గోడలకు సున్నం పూసి, నీలిమందుతో ఒకవైపు చెయ్యి, ఇంకోవైపు సైకిలు. సైకిలు బొమ్మ గీయడం కష్టం. చక్రాలు ఎప్పుడూ కోడిగుడ్ల లాగా వచ్చేవి. చెయ్యి సులువు. నీలిమందులో అరచెయ్యి ముంచి గోడకు కొడితే సరిపోయేది కాబట్టి పిల్లల్లో ఆ పార్టీకే బలం ఎక్కువ. జీపు కనబడితే చాలు, రామారావు ప్రచార బండి చైతన్యరథమేనని వెంట పరుగెత్తేవాళ్ళం. మేం పట్టుకున్నది ప్రతిసారీ కరపత్రాలు చల్లుకుంటూ పోయే మైకు జీపే. ఆ కరపత్రాలు తెచ్చి పుస్తకాలకు అట్టలేసుకునేవాళ్ళం. నా లెక్కల పుస్తకానికి ఒక పార్టీ, సాంఘికానికి ఒక పార్టీ.

పెద్దవాళ్ళ మాటలు వేరేగా ఉండేవి. రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిండనీ, పటేల్ పట్వారీలను తీసేసిండనీ మా వాడకట్టులో ముసలివాళ్ళు ఆయన పేరు చెబితే దండం పెట్టేవారు. నాయన దగ్గరికొచ్చే టీచర్లు మాత్రం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించి మళ్ళీ పెంచిన గొడవను ఇంకా తవ్వుతుండేవారు. ఎదురు నిలబడింది కాంగ్రెస్ నుంచి చిత్తరంజన్ దాస్. అంతకుముందు 1985లో ఇక్కడే గెలిచినవాడు. "గాయన మనకు పిలిస్తే పలుకుతడు. ఈయన గెలిచినంక హైదరాబాదుల ఉంటడు, పిలవనీకె ఏ ఫోన్ ఉన్నది మనకు?" అని మా ఇంటి ముందు చెప్పులు కుట్టే తాత అన్న మాట నాకింకా చెవిలో ఉంది. ఆ ఎన్నికను అంతకన్నా బాగా వివరించిన మాట తర్వాత ఎక్కడా వినలేదు.

పోలింగు దగ్గరపడేకొద్దీ వలసపోయినవాళ్ళు దిగడం మొదలైంది. బొంబాయి, పూనా, ఎక్కడెక్కడి డ్యాముల పనుల నుంచో లారీల్లో వచ్చారు. దసరాకు రానివాళ్ళు కూడా ఓటుకు వచ్చారు. తాళాలేసి ఉండే ఇళ్ళలో పొయ్యిలు వెలిగాయి. నాతో చదువు మానేసి పోయిన దోస్తు ఒకడు వాళ్ళమ్మానాన్నలతో వచ్చి నాలుగు రోజులు నాతో గోలీలాడాడు. ఓట్లయిన మర్నాడు చూస్తే వాళ్ళింటికి మళ్ళీ తాళం.

* * *

ఆ ఎన్నికలో నాయనకు మా నియోజకవర్గంలో డ్యూటీ పడలేదు. అచ్చంపేట అవతల, అమ్రాబాద్ వైపు పడింది. నల్లమల అంచు. ఎన్నికలు బహిష్కరించమని అన్నలు, అంటే నక్సలైట్లు, చెప్పే రోజులవి. అమ్మకు ఒకటే టెన్షన్. రెండు రాత్రులు తలుపు దగ్గరే కూర్చుంది.

నాయన మాత్రం వచ్చాక భయం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పిందల్లా ఒక ముసలమ్మ కథ. చెంచుపెంట (అడవిలో చెంచుల గూడెం) నుంచి మనవణ్ణి పట్టుకుని నడిచొచ్చిందట. చూపు ఆనదు. "సారూ, నువ్వే గుద్దు" అందట. నేను గుద్దకూడదవ్వా అన్నాడట. మరి మనవడు గుద్దుతాడంది. వాడికి తొమ్మిదేళ్ళు. తోడుగా వచ్చేవాడికి ఓటు వయసుండాలి. అప్పుడే ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది కానీ, తొమ్మిదికి తగ్గలేదు కదా అని నాయన నవ్వేవాడు. ఊరివాళ్ళలో ఎవరినైనా తోడు తీసుకోమంటే ఆమె ఒప్పుకోలేదు. చివరికి కాగితం, ముద్ర చేతికిచ్చి అట్టల మాటుకు పంపారు. ఆ రోజు రెండు ఓట్లు, పార్లమెంటుకు తెల్లకాగితం, అసెంబ్లీకి గులాబీ రంగుది. బయట వరసలో జనం గొణుగుతున్నారు, ఏజెంట్లు గడియారం చూసుకుంటున్నారు. చాలాసేపటికి తడుముకుంటూ వచ్చి కాగితాలు పెట్టెల్లో వేసి, పెట్టె మీద చెవి ఆనించి, "పడ్డదా సారూ?" అనడిగిందట.

"పడ్డదవ్వా" అన్నాడట నాయన.

ఈ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా చివర కాసేపు ఊరుకునేవాడు.

సాయంత్రం పోలింగయ్యాక అసలు పని. పెట్రోమాక్స్ లైటు కింద ఓటు కాగితాల లెక్క రాసి, డైరీ నింపి, కవర్లన్నీ అంటించి, పెట్టెలకు గుడ్డ చుట్టి దారం కట్టి లక్కతో సీలు వేయాలి. కొవ్వొత్తి మీద లక్క కరిగించి ముడి మీద చుక్కలు చుక్కలుగా పోసి, ఆరకముందే ఇత్తడి సీలు నొక్కాలి. ఆలస్యమైతే అచ్చు పడదు, తొందరపడితే సీలుకు అంటుకుని లేచి వస్తుంది. ఏజెంట్లు కూడా వాళ్ళ సీళ్ళు వేసుకోవచ్చు. ఆ రాత్రి గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంటే చెయ్యి అడ్డుపెట్టి, కుడి బొటనవేలు కాల్చుకున్నాడు. ఆ మచ్చ చివరిదాకా ఉంది. గోరు పక్కన, గోధుమగింజంత.

* * *

ఫలితం రేడియోలో విన్నాం. మా వాడకట్టులో మంచి రేడియో ఉన్న ఇల్లు ఒకటే, వాకిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. కల్వకుర్తిలో ముఖ్యమంత్రి ఓడిపోయాడు. మూడున్నర వేల చిల్లర ఓట్ల తేడా. కొందరు టపాసులు కాల్చారు. ఎక్కువమంది మాత్రం తాము చేసిన పని తామే నమ్మలేనట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెప్పుల తాత కూడా సంబరపడలేదు. "పెద్దమనిషిని ఓడగొడ్తిమి గదరా" అన్నాడు, తను ఎటు వేశాడో తనకే తెలియనట్టు.

హిందూపురంలో ఆయన గెలిచాడు. కానీ రాష్ట్రంలో ప్రభుత్వం పోయింది, మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా, ఎక్కడికి పోయినా, మాది కల్వకుర్తి అనగానే అవతలివాళ్ళ మొదటి మాట "ఓ, రామారావును ఓడగొట్టిన ఊరా!" అనే. ఇంటర్వ్యూలో కూడా అన్నారు. నేనే వెళ్ళి ఓడించినట్టు.

ఆ రాత్రి నాయనను అడిగాను. డ్యూటీలో ఉన్నవాళ్ళకు పోస్టల్ ఓటు ఉంటుంది కదా.

"నువ్వెవరికేసినవ్ నాయనా?"

"లిఫాఫలేసిన." కవర్లో వేశానని.

"గదే, ఎవరికీ?"

"లిఫాఫల" అన్నాడు మళ్ళీ, దీపం తగ్గిస్తూ.

* * *

మా నియోజకవర్గానికి ఒక గుణం ఉందని నాయన అనేవాడు. గాలి ఎటు వీస్తే ఇది దానికి ఎదురు కూర్చుంటుందట. మొదట్లో నవ్వులాటకు అంటున్నాడనుకున్నా. తర్వాత కూర్చుని చూస్తే నిజమే. 1983లో రాష్ట్రమంతా తెలుగుదేశం ఊపు, మేం గెలిపించింది జనతా పార్టీ నుంచి జైపాల్ రెడ్డిని. ఆయన 1969 ఉప ఎన్నిక నుంచి 1984 దాకా మా ఎమ్మెల్యేనే. కర్రలు పట్టుకుని నడిచే ఆ మనిషి మధ్యలో 1980లో పోయి పోయి మెదక్‌లో ఇందిరాగాంధీ మీద నిలబడి ఓడాడు. ఆ ధైర్యం మా వాళ్ళకు భలే నచ్చింది. 1985లో మళ్ళీ తెలుగుదేశం ఊపు, మేం కాంగ్రెస్. 1994లో తెలుగుదేశానికి 216 సీట్లు, కాంగ్రెస్ 26కు పడిపోయింది. మేం ఆ ఇద్దరినీ కాదని ఇండిపెండెంటు ఎడ్మ కిష్టారెడ్డిని గెలిపించాం. 2009లో రాష్ట్రంలో కాంగ్రెస్ వస్తే మా దగ్గర తెలుగుదేశం.

"ప్రభుత్వం తోని లేనోనికి నిధులెట్ల వస్తయ్ నాయనా?" అని నేను వాదించేవాణ్ణి, నాలుగు పేపర్లు చదివిన తెలివితో. "రావు" అనేవాడు. "తెలిసే ఏస్తరు." అందులో ఆయనకు బాధ ఉండేదో గర్వం ఉండేదో పోల్చుకోలేకపోయాను.

ఇప్పుడు ఆ నియోజకవర్గం రెండు జిల్లాల్లో ఉంది. 2016లో జిల్లాలు మారినప్పుడు కల్వకుర్తి, వెల్దండ నాగర్‌కర్నూలుకు, ఆమనగల్లు, తలకొండపల్లి, మాడ్గుల, కడ్తాల్ రంగారెడ్డికి పోయాయి. ఓటు మాత్రం ఒకరికే వేయాలి.

* * *

నా మొదటి ఓటు 1998 పార్లమెంటు ఎన్నికది, కాగితం మీదే. ముందురోజు నాయన పాత పేపరు ముక్క చింపి మడత నేర్పాడు. ముందు నిలువుగా మడవాలి, ఆ తర్వాత అడ్డంగా. అడ్డంగా మొదట మడిస్తే తడి సిరా పక్కవాడి గుర్తు మీద అంటి ఓటు చెడుతుంది. నాతో పదిసార్లు మడిపించాడు. అంత చేసి, బూతులో చెయ్యి వణికి ముద్ర వంకరగా పడింది. గీత దాటలేదు, అదృష్టం.

నాయన 2001లో రిటైరయ్యాడు. 2004లో మిషన్లు వచ్చాయి. అన్నేళ్ళూ ఊరూరా తిరిగి అందరి చేతా ఓటేయించిన మనిషి, మన రాష్ట్రానికి మిషన్లొచ్చాకనే సొంత ఊళ్ళో బూతు వరసలో నిలబడి ఓటేయడం మొదలుపెట్టాడు. బయటికొచ్చి, "కుయ్యిమన్నది, అంతే. ముద్ర లేదు, మడత లేదు" అన్నాడు. ఏదో తక్కువైనట్టు మొహం పెట్టాడు.

ఇక 2014. దీని గురించి రాయకుండా తప్పించుకుందామనుకున్నాను.

నా ఓటు కల్వకుర్తిలోనే ఉండేది. నేనుండేది హైదరాబాదులో, కార్డు మాత్రం ఊరిది, మాలాంటివాళ్ళు వేలమంది. ఏప్రిల్ 30 పోలింగు. సెలవు కూడా ఇచ్చారు. ఎండలు. పిల్లాడికి కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉందన్నది నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి బద్ధకం. తెలంగాణ వచ్చింది, గాలి ఎటుందో తెలుసు, నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అనుకున్నా. పొద్దున నాయన ఫోన్ చేస్తే "వీలవుతలేదు నాయనా" అన్నాను. "సరే" అన్నాడు.

ఓట్ల లెక్కింపు రోజు అన్ని సీట్లూ తేలాయి, మాది తేలలేదు. ఒక పోలింగు కేంద్రంలో మిషన్ మొరాయించింది, అక్కడ మళ్ళీ పోలింగు పెట్టారు. ఆ ఒక్క బూతు కోసం మొత్తం ఫలితం ఆగింది. అంతా అయ్యాక కాంగ్రెస్ నుంచి వంశీచంద్ రెడ్డి బీజేపీ ఆచారి మీద గెలిచాడు. తేడా 78 ఓట్లు.

నాయన ఫోన్ చేశాడు.

"78" అన్నాడు.

నేనేమీ అనలేదు. ఆయన కూడా కాసేపు ఊరుకుని, పిల్లాడి జ్వరం ఎట్లుందని అడిగి పెట్టేశాడు. రెండు వారాల కిందటి జ్వరం. ఆయన నన్ను చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు కొట్టాడు కూడా, అవేవీ ఇంతగా గుర్తులేవు. ఆయన ఎవరికి వేశాడో తెలిస్తే, నా ఓటు ఆయన ఓటుకు తోడయ్యేదో, దాన్ని కొట్టేసేదో అయినా తెలిసేది. అదీ చెప్పడాయె. "మిషన్లేసిన" అంటాడు.

* * *

2018లో నాతో పాటే వచ్చాడు. అప్పటికి వీవీప్యాట్ వచ్చింది, వేసిన ఓటు చీటీ మీద ఏడు సెకన్లు కనబడుతుంది. బయటికొచ్చి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "చూసిన రా, పడ్డది" అన్నాడు. నాకు ఆ చెంచుపెంట ముసలమ్మ గుర్తొచ్చింది. ఆయనకూ అదే గుర్తొచ్చి ఉంటుంది.

2023 నవంబరు నాటికి ఆయనకు ఎనభై నిండాయి. ఎనభై దాటినవాళ్ళకు ఇంట్లోనే ఓటు వేసే వీలుందని బీఎల్‌వో (బూతు స్థాయి అధికారి) అమ్మాయి ఫారం తీసుకుని వచ్చింది. నాయన ఆ ఫారం అటూ ఇటూ తిప్పి పూర్తిగా చదివాడు. చదవకుండా దేన్నీ వెనక్కివ్వడు కదా. "అమ్మా, ఓటు ఇంటికి రావుడేంది? నేనే పోత" అని ఇచ్చేశాడు. ఆటోలో తీసుకెళ్ళాను. బూతు ఆయన ఒకప్పుడు పాఠాలు చెప్పిన బడిలోనే. వరసలో ఉన్నవాళ్ళు జరిగి దారిచ్చారు. సగం మంది ఆయన దగ్గర చదివినవాళ్ళే, వాళ్ళవీ తలలు నెరిశాయి. లోపలికి పోగానే ముందు ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గర ఆగాడు. ఆయన కంగారుగా లేచాడు, ఏదైనా ఫిర్యాదేమోనని.

"అన్నం తిన్నరా సార్?" అనడిగాడు నాయన. "పొద్దున్నుంచి లేచే తీరిక ఉండది. నాకు తెల్సు."

తిన్నానని ఆయన చెప్పిందాకా కదల్లేదు. తర్వాత వేలు చాపాడు. ఆటోలో వచ్చేటప్పుడు ఎవరికేశావని నేను అడగలేదు. ఆయనే అన్నాడు, "లక్క వాసన రాలేదేందిరా" అని.

సంక్రాంతి దాటిన వారానికి పోయాడు. నీళ్ళు పోసేటప్పుడు చూశాను, చర్మం మీది సిరా పోయింది కానీ ఎడమ చూపుడువేలి గోరు మీద నల్లగీత ఇంకా ఉంది, గోరుతో పాటు కొంచెం పైకి జరిగి.

మే నెలలో పార్లమెంటు ఎన్నికలకు ఓటరు చీటీలు మూడు వచ్చాయి, అమ్మది, నాది, ఆయనది. పేరు తీయించడానికి ఫారం 7 ఇవ్వాలట, ఇచ్చాను. చీటీ పారేయబోతుంటే అమ్మ నా చేతిలోంచి తీసుకుంది. ఎక్కడ పెట్టిందో అప్పుడు అడగలేదు. ట్రంకుపెట్టెలో, లక్క ముక్క చుట్టిన ఆ చేతిరుమాల్లోనే నాలుగు మడతలు పెట్టి ఉంది. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా.